పాత చేతికుట్టు గలీబులు, టేబుల్ గుడ్డలు, తండా కుట్లు: ఎలా ఏరాలి, ఎలా ఉతకాలి, ఎలా దాచాలి

"అమ్మమ్మ సందుగలో పూలు కుట్టిన గలీబులు దొరికాయి, సర్ఫ్‌లో నానబెట్టమంటారా?" ఈ ప్రశ్న చాలామంది అడుగుతూనే ఉన్నారు. నానబెట్టకండి. ఈ రోజుకైతే దానికి నీళ్లే తగలనివ్వకండి. ముప్ఫై నలభై ఏళ్లు పెట్టెలో చెక్కుచెదరని గుడ్డ, బయటికి తీసిన మొదటిరోజే బకెట్లో పాడైపోవడం మామూలే. మురికి వల్ల పాడయ్యేవాటికంటే తొందరపడి ఉతకడం వల్ల పాడయ్యేవే ఎక్కువ.

ఇక్కడ చెప్పేది నూలు గుడ్డల గురించి: దిండు గలీబులు, దుప్పట్లు, టేబుల్ గుడ్డలు, రేడియో, టీవీల మీద కప్పినవి, దస్తర్‌ఖాన్లు (భోజనానికి పరిచే గుడ్డలు), గుమ్మానికి కట్టే తోరణాలు. లంబాడీ తండాల్లోని అద్దాల కుట్టుకు పద్ధతి వేరు, అందుకే దానికి విడిగా ఒక భాగం పెట్టాను. పట్టు, జరీ బట్టలకు ఈ పద్ధతులు వాడకండి.

## 1. ఎక్కడ వెతకాలి

ముందు సొంతింట్లో చూడండి. అటక మీది ట్రంకు పెట్టె, బీరువా అడుగు అర, పాత పరుపు కింద. అప్పట్లో కుట్టిన గలీబుల్ని చుట్టాలొస్తేనే తీసేవాళ్లు కాబట్టి, చాలావాటికి తల నూనె కూడా అంటి ఉండదు.

తర్వాత అత్తలు, పెద్దమ్మలు. "అమ్మేస్తారా" అని అడిగితే ఇబ్బంది పడతారు. "చూపిస్తారా" అనండి. ఎవరు కుట్టారు, ఏ పెళ్లికి కుట్టారు అనేది వాళ్ల నోటితోనే చెప్పించి అక్కడే ఒక చీటీలో రాసుకోండి.

దసరా, బతుకమ్మ ముందు ఇళ్లు దులిపే రోజులు ముఖ్యం. ఈ కుట్లన్నీ పాత బట్టల మూటలో చేరి స్టీలు సామాన్లవాళ్ల గంపలోకి పోయేది అప్పుడే. మీ వీధికి వచ్చే ఆమెతో ముందే మాట్లాడి పెట్టుకుంటే, పూలు కుట్టిన గుడ్డ కనబడగానే విడిగా తీసి ఉంచుతుంది. బదులుగా ఒక గిన్నె విలువకు నాలుగు రూపాయలు ఎక్కువే ఇవ్వండి.

హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఆదివారం అంగడి, గురువారం జుమేరాత్ బజార్ ఉన్నాయి. రెండింటికీ పొద్దున్నే వెళ్లాలి. పాత బట్టల కుప్పల దగ్గర ఎండెక్కాక నిలబడి చూసే ఓపిక ఎవరికీ ఉండదు.

దేవరకొండ, చందంపేట, అచ్చంపేట వైపు తండాలకు వెళితే తెలిసినవాళ్లను వెంటబెట్టుకొని వెళ్లండి. పెద్దావిడను "యాడీ" (అమ్మా) అని పలకరించి కూర్చోండి. ఆమె వాడుకుంటున్న సంచి మీద కన్నేయకండి. తనంతట తాను ఇస్తానంటేనే ధర మాట్లాడండి, బేరం ఆడొద్దు.

## 2. కొనేముందు వెనక్కి తిప్పి చూడండి

ముందు వైపు ఏ గుడ్డైనా అందంగానే ఉంటుంది. అసలు సంగతి వెనక తెలుస్తుంది.

- చేతికుట్టయితే వెనక దారం ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకు దాటిన గీతలు, అక్కడక్కడ ముడులు, దారం దాచిన కొసలు కనిపిస్తాయి.
- మిషన్ కుట్టయితే వెనక కింది దారం, చాలాసార్లు తెల్లది, ఒకే తీరుగా పరుచుకొని ఉంటుంది.
- గొలుసు కుట్టును వెనక నుంచి చూస్తే ఒకదాని వెనక ఒకటి వేసిన చిన్న గీతల్లా కనిపించాలి.
- పాత కుట్టయితే, వాడకంలో ఉన్నదైతే, దారం రంగు ముందు వైపు వెలిసి వెనక నిండుగా ఉంటుంది. రెండు వైపులా సమానంగా వెలిసి, గుడ్డంతా టీ రంగులో ఉంటే అనుమానించండి.
- ఊడిన దారం కొస ఒకటి దొరికితే అగ్గిపుల్లతో అంటించి చూడండి. నూలైతే కాగితం కాలిన వాసనతో బూడిద అవుతుంది. పాలిస్టరైతే కరిగి గట్టి ఉండ కడుతుంది.

గుడ్డ బలం చూడటానికి లాగకండి. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే పలచబడిన చోట్లు సన్నని కిటికీల్లా కనిపిస్తాయి. మడత మీద వేలితో మెల్లగా రాసినప్పుడు పొడిలాంటిది రాలితే గుడ్డ ప్రాణం పోయినట్టే.

దుమ్ము, మడత గీతలు, తాజా నూనె పోతాయి. బ్లీచింగ్ తిన్న గుడ్డ, పక్కకు పాకిన ఎర్రరంగు, మధ్యలో కత్తిరించిన ముక్క బాగుపడవు. బాగుపడనిదాన్ని కూడా కుట్టు కోసం కొనొచ్చు, కానీ ఆ ధరకే కొనాలి.

ఒకటి గుర్తుంచుకోండి. గులాబీ పువ్వు కింద "స్వీట్ డ్రీమ్స్" అని ఇంగ్లిషులో కుట్టిన గలీబుల్లో స్పెల్లింగు తప్పులు బోలెడు. ఒక అక్షరం తిరగబడి ఉంటుంది, ఇంకోటి చోటు చాలక అంచు మీదికి ఎక్కేస్తుంది. దాన్ని లోపం కింద లెక్కేసి ధర తగ్గించకండి. నన్నడిగితే అలాంటిదే ముందు తీసుకోవాలి.

## 3. ఇంటికి తెచ్చిన రోజు

కొత్తగా వచ్చిన గుడ్డను పాతవాటితో కలపకండి. పురుగు, బూజు ఉంటే మొత్తానికి పాకుతాయి. రెండు వారాలు విడిగా, తెల్ల గుడ్డలో చుట్టి ఉంచి మధ్యలో తీసి చూడండి.

ఆ రోజు చేయాల్సినవి ఇంతే:

- ముందు, వెనక ఫోటో తీయండి. మరకలకు దగ్గర నుంచి ఇంకోటి.
- గుచ్చి ఉన్న పిన్నులు, గుండుసూదులు, పాత ధర చీటీలు తీసేయండి. తుప్పు మొదలయ్యేది అక్కడే.
- మెత్తటి బ్రష్‌తో ఒకే దిశలో దుమ్ము దులపండి. వాక్యూమ్ క్లీనర్ ఉంటే దాని మూతికి దోమతెర ముక్క కట్టి, తక్కువ స్పీడులో, తగిలీ తగలకుండా పట్టండి.
- చిరుగులు, ఊడిన దారాలు ఎక్కడున్నాయో చూసి పెట్టుకోండి. పెద్ద చిరుగుంటే ఉతకడానికి ముందే రెండు వైపులా సన్నటి వలగుడ్డ పెట్టి కచ్చా కుట్టు వేయండి.

దుమ్ము పోయాక చాలా గుడ్డలకు ఉతుకే అక్కర్లేదు. ఇక్కడే ఆగగలిగితే ఆగండి.

## 4. రంగు దిగుతుందా? ఉతకాలంటే ముందు ఈ పరీక్ష

ఎక్కువమంది వదిలేసేది ఇదే. చిలక పచ్చగా భద్రంగా ఉంటుంది, ముక్కు ఎర్రది మాత్రం కారి తెల్లగుడ్డంతా పులుముకుంటుంది. ఒకే గుడ్డలో ఒక రంగు గట్టిది, ఇంకోటి కచ్చాది కావచ్చు. అందుకే ఉన్న ప్రతి రంగునూ విడిగా పరీక్షించాలి.

1. ఇయర్ బడ్‌ను మామూలు నీళ్లలో ముంచి పిండండి.
2. గుడ్డ వెనక వైపు, ఒక రంగు దారం మీద అద్దండి. రుద్దొద్దు.
3. దాని మీద తెల్లగుడ్డ ముక్క పెట్టి, బరువుకు చిన్న గిన్నె ఉంచి పది నిమిషాలు ఆగండి.
4. తెల్లముక్క మీద రంగు అంటిందేమో చూడండి.
5. అంటకపోతే అదే పరీక్షను ఈసారి ఉతకబోయే సబ్బునీళ్లతో మళ్లీ చేయండి. మామూలు నీళ్లకు దిగని రంగు సబ్బుకు దిగొచ్చు.

ఎరుపు, మెరూన్, నలుపు, ముదురు ఊదా మీద ప్రత్యేకంగా అనుమానం పెట్టుకోండి. ఒక్క రంగు అంటినా ఆ గుడ్డను తడపొద్దు. దుమ్ము దులిపి దాచేయండి, అంతే.

"ఉప్పునీళ్లలో, వెనిగర్‌లో ముంచితే రంగు నిలుస్తుంది కదా" అని అడుగుతారు. అద్దకమయ్యాక ఏళ్లు గడిచిన నూలు దారానికి ఇంట్లో ఉప్పు వేస్తే రంగు గట్టిపడుతుందని నమ్మలేం. ఆ భరోసాతో ముంచకండి.

ఉతుకుతుండగా రంగు కారడం మొదలైతే భయపడి బయటికి తీసి ఆరేయకండి. ఆరితే ఆ మరక అక్కడే స్థిరపడిపోతుంది. చల్లటి నీళ్లు మార్చి మార్చి, నీళ్లు తేటగా వచ్చేదాకా జాడించండి. ఆ తర్వాత తువ్వాలుతో తడి అద్ది, ఫ్యాను కింద వీలైనంత తొందరగా ఆరబెట్టండి.

## 5. నీళ్ల సంగతి

మన బోరునీళ్లు చాలాచోట్ల చవ్వనీళ్లు. వాటిలోని కాల్షియం, మెగ్నీషియం బట్టల సబ్బుతో కలిసి తెల్లటి జిగురులా గుడ్డకు పడతాయి. తెల్లగుడ్డ బూడిద రంగుకు తిరగడానికి, బిరుసెక్కడానికి అదో కారణం. బోరునీళ్లలో ఇనుముంటే పసుపు చుక్కలు కూడా పడతాయి.

నల్లా నీళ్లు వస్తే అవి వాడండి. బోరే దిక్కయితే సబ్బు బిళ్ల వద్దు, లిక్విడ్ డిటర్జెంట్ వాడండి. ఏదైనా ఆఖరి జాడింపు మాత్రం ఆర్‌ఓ నీళ్లతో, లేదా శుభ్రంగా పట్టిన వాననీళ్లతో చేయండి. ఒక జత గలీబులకు అయిదారు లీటర్లు చాలు.

వేసవిలో ఇంకో చిక్కుంది. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం డాబా మీది ట్యాంకు నీళ్లు చెయ్యి పెట్టలేనంత కాలతాయి. ఆ వేడికి గట్టి రంగులు కూడా దిగొచ్చు. తెల్లవారుజామున పట్టిన నీళ్లతోనే ఉతకండి.

## 6. ఉతికే వరస

కావలసినవి: వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బు, గుడ్డకంటే పెద్దదైన దోమతెర ముక్క, ఈజీలాంటి మైల్డ్ లిక్విడ్, రెండు మూడు తెల్ల తువ్వాళ్లు.

1. టబ్బులో దోమతెర పరిచి, దాని మీద గుడ్డను విప్పి పరవండి. ఎత్తేటప్పుడు, దించేటప్పుడు దోమతెరనే పట్టుకోవాలి. తడిసిన నూలు దారం బలహీనపడదు. కానీ తడి బరువంతా పాత చిరుగు మీద పడితే అది సాగుతుంది.
2. ముందు మామూలు నీళ్లలో 15 నిమిషాలు. నీళ్లు టీ రంగుకు తిరుగుతాయి. అది ఏళ్ల తరబడి గుడ్డలో పేరుకున్న పులుపు (ఆమ్లం), దుమ్ము. పారబోసి మళ్లీ పట్టండి. రంగు తగ్గేదాకా రెండు మూడుసార్లు.
3. 5 లీటర్ల నీళ్లకు ఒక టీస్పూను లిక్విడ్ కలిపి 10 నిమిషాలు ఉంచండి. అరచేత్తో మెల్లగా నొక్కి వదలండి. రుద్దడం, బ్రష్, బండమీద బాదడం ఏవీ వద్దు.
4. నురుగు పూర్తిగా పోయేదాకా జాడించండి. నాలుగైదుసార్లు పడుతుంది. లోపల మిగిలిన సబ్బే రేపటి పసుపు మచ్చ.
5. ఆర్‌ఓ నీళ్లతో చివరి జాడింపు.
6. పిండకండి. దోమతెరతో సహా ఎత్తి, వాలుగా పట్టుకొని నీళ్లు కారనివ్వండి.

రంగు దారాలున్న గుడ్డ పరీక్షలో నెగ్గినా సరే, 2వ మెట్టులో కన్ను తిప్పకుండా చూస్తూ ఉండాలి. నానబెట్టి వంటింట్లోకి వెళ్లకండి.

వాషింగ్ మెషిన్ ఎలాగూ వద్దు. నీలం, గంజి కూడా వద్దు. కుంకుడురసం మంచిదేగా అంటారు. రంగు బట్టలకు మంచిదే, కానీ తెల్ల నూలుకు దాని గోధుమ ఛాయ పట్టొచ్చు.

దస్తర్‌ఖాన్ల మీద ఉర్దూలో మాటలు, పద్యాలు కుట్టి ఉంటాయి. అవి పవిత్ర వాక్యాలేమో ముందు తెలుసుకోండి. ఆ ఉతికిన నీళ్లను మోరీలో పోయకుండా చెట్టుకు పోయమనే ఇళ్లున్నాయి. ఇచ్చినవాళ్లను ఒక మాట అడగండి.

## 7. మరకలు: ఏది పోతుంది, ఏది పోదు

పసుపు. సబ్బు తగలగానే ఎర్రగా మారితే గాభరా పడొద్దు. పసుపులోని కర్కుమిన్‌కు క్షారం తగిలితే అలాగే తిరుగుతుంది. బాగా జాడించి, తడిగా ఉండగానే మరక ఉన్నచోటే ఎండ తగిలేలా పెట్టండి. రంగు కుట్ల మీద మందపాటి గుడ్డ కప్పండి. ఎండకు పసుపు వెలిసిపోతుంది.

తల నూనె. గలీబు నడుమ గోధుమ రంగు గుండ్రం. కొత్తదైతే వెనక నుంచి ఒక చుక్క గిన్నెల లిక్విడ్ వేసి పావుగంట ఉంచితే పోతుంది. ఏళ్లనాటిదైతే పలచబడుతుంది తప్ప పూర్తిగా పోదు. మూడోసారికి కూడా మార్పు లేదంటే ఆపేయండి. తలకు వేసిన రంగు అంటితే దాని జోలికి పోవద్దు.

తుప్పు. తెల్లగుడ్డ మీద, దారానికి దూరంగా ఉంటేనే: నిమ్మరసం, చిటికెడు ఉప్పు, పది నిమిషాలు, తర్వాత ధారాళంగా జాడించాలి. నిమ్మరసం గుడ్డలోనే ఎండితే నూలును తినేస్తుంది. తుప్పు మీద బ్లీచింగ్ నీళ్లు పోయకండి. తుప్పు పోదు సరికదా గుడ్డ చిల్లు పడుతుంది.

పసుపుపచ్చని మడత గీతలు. పాత గంజి, నూనె, చెమట కలిసి వచ్చేవి. ఆరో భాగంలోని మొదటి రెండు మెట్లతోనే సగం తగ్గుతాయి. పూర్తిగా తెల్లటి గుడ్డ, తెల్ల దారమే అయితే వానిష్‌లాంటి ఆక్సిజన్ పౌడరు ప్యాకెట్ మీది మోతాదు దాటకుండా వాడొచ్చు. రంగు దారం ఒక్కటున్నా వద్దు.

నీలి గీతలు. కుట్టేటప్పుడు డిజైన్ దించిన కార్బన్, లేదా కిరోసిన్‌లో కలిపి అద్దిన పొడి. ఉతికితే పోతే పోయింది. పోకపోతే ఉండనివ్వండి, కానీ పోయేదాకా ఇస్త్రీ చేయకండి. వేడికి ఆ గీత పట్టేస్తుంది.

బూజు. ముక్కుకు గుడ్డ కట్టుకొని, ఇంటి బయట, పొడిగా ఉన్నప్పుడే బ్రష్‌తో దులపాలి. తర్వాతే నీళ్లు. మిగిలిన నల్లచుక్కలు సాధారణంగా పోవు.

## 8. ఆరబెట్టడం, ఇస్త్రీ

తువ్వాలు మీద గుడ్డను పరిచి, రెండూ కలిపి చుట్టి నొక్కితే తడి చాలా దిగుతుంది. తర్వాత నవారు మంచం మీద ఉతికిన తెల్ల దుప్పటి వేసి, నీడలో, చదునుగా పరచండి. అంచులను చేత్తో సరిచేసి మూలలు తీర్చండి. ఇప్పుడు సరిగ్గా తీరిస్తే ఇస్త్రీ పనే చాలా తగ్గుతుంది.

దండెం మీద వేయకండి. ఇనుప తీగ మీద అసలే వద్దు.

ఇస్త్రీకి కుట్టు ఉన్న ముఖం కిందికి, మందపాటి తువ్వాలు మీద పెట్టి, కాస్త తేమ ఉండగానే వెనక నుంచి చేయండి. పువ్వు ఉబ్బు చెడదు. దాచబోయే గుడ్డకు మడత మీద ఇస్త్రీ గీత పెట్టొద్దు, గుడ్డ చిరిగేది ఆ గీత వెంబడే.

## 9. తండా కుట్టు: నీళ్లు వద్దు

అద్దాలు, గవ్వలు, పూసలు, నాణేలు, ఉన్ని కుచ్చులు, రకరకాల రంగుల అతుకులు ఒకే గుడ్డలో ఉంటాయి. ఒక్కోదానికి నీళ్లతో ఒక్కో గొడవ. ముదురు ఎరుపు కారుతుంది. పాత అద్దానికి వెనక పూత పోయి నల్లబడుతుంది. నాణెం తుప్పో చిలుమో పట్టి గుడ్డను తింటుంది. తడిసిన బరువుకు గవ్వ అంచు తన దారాన్ని తానే కోసుకుంటుంది. రంగు పరీక్ష నెగ్గినా సరే, వీటిని ఉతకొద్దనే నా మాట.

చేయాల్సింది ఇది:

- చదునుగా పరిచి, అతుకుల మధ్య సందుల్లో ఇరుక్కున్న దుమ్మును మెత్తటి పెయింటింగ్ బ్రష్‌తో తీయండి. ఒక సంచికి గంట పట్టినా పట్టనివ్వండి.
- అద్దాన్ని తుడవాలంటే ఇయర్ బడ్ కొసను మాత్రం తేమ చేసి, చుట్టూ ఉన్న కుట్టుకు తగలకుండా తుడవండి.
- వదులైన అద్దం, గవ్వ కనిపిస్తే ఆ రోజే ఒక సన్నటి కుట్టు వేసి నిలపండి. ఊడి పడిపోయినదాన్ని చిన్న కవరులో వేసి గుడ్డతోనే ఉంచండి.
- గోడకు వేలాడదీయకండి. అద్దాల బరువంతా పై రెండు మూలల మీద పడుతుంది.
- సంచి చేద్దాం, బ్లౌజుకు అతుకు వేద్దాం అని కత్తిరించకండి. కత్తెర పడ్డాక అది మళ్లీ గుడ్డ కాదు.

## 10. దాచడం

అటక మీద వద్దు. స్లాబు కింది వేసవి వేడికి గుడ్డ పెళుసెక్కుతుంది. గోడకు ఆనించి నేల మీద కూడా వద్దు. చెదలు వచ్చే దారి అదే. పెట్టెను నాలుగు ఇటుకల మీద, గోడకు జానెడు ఎడంగా పెట్టండి.

ఇనుప ట్రంకుకు లోపల తుప్పుంటుంది, చెక్క పెట్టె నుంచి పుల్లటి ఆవిరి వస్తుంది. రెండింటికీ మందు ఒకటే: రెండుసార్లు ఉతికి గంజి పోగొట్టిన తెల్ల మల్‌మల్ గుడ్డ. పెట్టె లోపలంతా పరిచి, గుడ్డకూ గుడ్డకూ మధ్య కూడా వేయండి. పాత పేపర్లు వద్దు, వాటి పులుపు, ఇంకు గుడ్డకు దిగుతాయి. చీరల షాపు ప్లాస్టిక్ కవర్లు కూడా వద్దు. లోపల తేమ ఆగిపోతుంది, కొన్నిటికి పసుపు రంగు దిగుతుంది.

పెద్ద గుడ్డలను అట్ట గొట్టానికి మల్‌మల్ చుట్టి, కుట్టు బయటికి వచ్చేలా చుట్టండి. మడవక తప్పకపోతే మడత లోపల మల్‌మల్‌ను మెత్తటి దిండులా చుట్టి పెట్టండి. బరువైన తండా గుడ్డ అడుగున, తేలికవి పైన.

వేపాకు వాడేవాళ్లు బాగా ఎండినదే, చిన్న సంచిలో కట్టి, గుడ్డకు తగలకుండా మూలకు పెట్టండి. నాఫ్తలీన్ ఉండలు, కర్పూరం కలిపి పెట్టకండి. రెండూ కలిస్తే కరిగి జిడ్డు మరకలు పడతాయి. పసిపిల్లలున్న ఇంట్లో నాఫ్తలీనే వద్దు. జీ6పీడీ (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైమ్) లోపమున్న పిల్లలకు ఆ వాసన సోకిన బట్టలతో కూడా ప్రమాదం.

ఏడాదిలో చేసుకోవాల్సిన పనులు:

- మృగశిర కార్తెకు ముందు: అన్నీ తీసి, నీడలో ఒక పూట గాలి పోసి, మడతలు మార్చి పెట్టండి.
- వానాకాలంలో: నెలకోసారి మూత తీసి వాసన చూడండి. ముసురు పట్టిన రోజున మాత్రం తెరవకండి.
- దసరా తర్వాత: మళ్లీ గాలి, మళ్లీ మడత మార్పు. చీటీలు, ఫోటోలు సరిచూసుకోవడం.

వెండిపురుగులో, చిన్న చిల్లులో కనబడితే మొత్తం పెట్టె ఖాళీ చేయాలి. అద్దాలు, పూసలు లేని పొడి గుడ్డను గాలి చొరని కవరులో మూసి, -18 డిగ్రీలకు చేరే డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక పూర్తిగా మామూలు వేడికి వచ్చేదాకా, కనీసం ఒక రోజు, కవరు విప్పొద్దు. లేదంటే చల్లటి గుడ్డ మీద తేమ పడుతుంది.

## 11. చిరుగులు, ఊడిన కుట్లు

వేలాడే దారాన్ని కత్తిరించకండి. సూదిలోకి ఎక్కించి వెనక్కి లాగి, అక్కడి కుట్ల కింద దాచండి.

చిరుగుకు ఫెవికాల్, ఇస్త్రీతో అంటించే పట్టీలు వద్దు. అంతే పలచటి పాత నూలు గుడ్డ ముక్కను వెనక పెట్టి, సన్నటి సూదితో, ఒక్క పోగు దారంతో కచ్చా కుట్టు వేయండి. యాంకర్ లచ్ఛీలో ఆరు పోగులుంటాయి, వాటిలో ఒకటి విడదీసుకుంటే చాలు. కుట్టును బిగించకండి, గుడ్డ ముడతలు పడుతుంది.

పూర్తిగా పోయిన పువ్వును మళ్లీ కుట్టాలా అంటే, నేనైతే వద్దంటాను. ఇంట్లో రోజూ వాడుకునేదే అయితే కుట్టుకోండి. అప్పుడు కూడా కొత్త దారం పాతదానికంటే ఒక ఛాయ తక్కువ ఉండేలా ఎంచుకొని, ఎప్పుడు, ఎక్కడ కుట్టారో ఆ గుడ్డ వివరాల చీటీలో రాసి పెట్టండి.